అలసట ఇంటికొచ్చే వేళ

మాది తిట్లు తినే ఆఫీసు. బోర్డు మీద శ్రవణ సర్వీసెస్ అని ఉంటుంది గానీ, కాకినాడలో ఏ ఆటో అతన్ని అడిగినా "తిట్ల ఆఫీసా? ఎక్కండి" అంటాడు. కరెంటు పోయినా, గ్యాస్ బండ రాకపోయినా, మొన్న కొన్న మిక్సీ నిన్న ఆగిపోయినా, కోపం వచ్చిన మనిషి ఫోన్ చేసే నంబరు మాదే. తప్పు ఏ కంపెనీదైనా తిట్లు మావాళ్ల చెవుల్లోనే పడతాయి. భానుగుడి జంక్షన్ దగ్గర మూడో అంతస్తులో ముప్పై ఆరు కుర్చీలు, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా.

నేనక్కడ ఇంజనీరుని, పేరు మణిమాల. మా ఆయన గంగాధరం అదే హాల్లో సూపర్‌వైజరు. అంటే మామూలు తిట్లు మిగతావాళ్లకీ, ముదిరిన తిట్లు ఆయనకీ అన్నమాట.

మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఎవరైనా మంచినీళ్లకో మరోదానికో లేస్తే పక్క కుర్చీవాళ్లు ఆ ఫోను ఎత్తి, లేచినవాళ్ల పేరే చెప్తారు. అవతల మనిషి అప్పటికే సగం గోడు చెప్పుకుని ఉంటాడు. మళ్లీ కొత్త పేరు వింటే మొదటినుంచీ ఎత్తుకుంటాడు, పాపం. అందుకని ఇరవై రెండేళ్ల అమ్మాయి కూడా "లోవరాజు మాట్లాడుతున్నానండి" అంటుంది, ఎవరూ నవ్వరు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం ఒక వారం నవ్వుతారు.

కిందటేడు మా యజమాని శేషగిరి గారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఒక్క ఫోనుతో, తన చెవితోనే ఈ ఆఫీసు మొదలుపెట్టిన మనిషి. "అమ్మా మణిమాలా, మనవాళ్లు ఎండిపోతన్నారమ్మా. వాళ్లకేం కావాలో వాళ్లనే అడుగు. అడిగి, దానికి తగ్గట్టు ఆఫీసంతా మార్చిపారెయ్" అన్నారు.

అందరికీ తలా ఒక చీటీ ఇచ్చాం. పేరు రాయక్కర్లేదన్నాం. ఒకరు కిటికీ అడిగారు. ఒకరు కాళ్ల కింద పీట అడిగారు. పెరుగన్నం తిన్నాక పది నిమిషాలు నడుం వాల్చే చోటు కావాలని తొమ్మిది మంది రాశారు. ఒకరైతే ఎదురుగా ఉన్న గడియారం తీసెయ్యమని రాసి, కింద రెండు గీతలు గీశారు. అన్నీ చేశాం. కిటికీలు పెట్టించాం, పీటలు వేయించాం, గడియారం పీకేశాం.

లోవరాజు ఒక్కడు చీటీ డబ్బాలో వెయ్యకుండా నా చేతికే ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా మా ఆఫీసులో ఉన్న మనిషి. ఎంత రేగిపోయిన గొంతునైనా అయిదు నిమిషాల్లో దింపేస్తాడు. చీటీలో ఇలా ఉంది: "సాయంత్రం ఇంటికెళ్లాక మా ఆవిడతో మాట్లాడే ఓపిక మిగిలితే చాలండి."

ఆ చీటీని నా గదిలో గోడకి అంటించుకున్నాను. దాన్ని చూస్తూనే ఏడు నెలలు పనిచేశాను. ఆ పనిలోంచి పుట్టిందే 'నెమ్మది'.

చూడ్డానికి అదేం లేదు, ఒక పలకా ఒక చాపా. కుర్చీ వీపుకి బిగించిన పలక మనిషి ఊపిరినీ నాడినీ చదువుతుంది. కాళ్ల కింద చాప సన్నగా మూలుగుతుంది. చెవికి వినపడదు, ఎముకలకి తెలుస్తుంది. ఆ మూలుగు ఉన్నంతసేపూ ఒళ్లు తన అలసటని తాను వినలేదు. కుర్చీ దిగాక కూడా కాసేపు అలాగే ఉంటుంది. ఎంతసేపు ఉండాలన్నది నా కంప్యూటర్లో ఒక అంకె, అంతే.

మొదటి చాప లోవరాజు కుర్చీ కిందే వేశాను. ఆ రోజు మిక్సీ ఆగిపోయిన ఒకావిడ పదకొండు నిమిషాలు ఏకధాటిగా అతని వంశాన్నంతా కడిగిపారేసింది. లోవరాజు చిరునవ్వుతో విని, "అమ్మా, మీకు పొద్దున్నించీ చట్నీ కూడా లేదన్నమాట" అన్నాడు. ఆవిడ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో ఫోన్ పెట్టేసింది. సాయంత్రం కుర్చీ దిగి, "మేడం గారూ, ఇప్పుడే తలంటుకుని వచ్చినట్టుందండి" అన్నాడు. నేను పొంగిపోయాను. చాటుకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను కూడా.

నెల తిరిగేసరికి ముప్పై ఆరు కుర్చీల కిందా చాపలు వచ్చాయి. హాల్లో జోకులు, నవ్వులు. సెలవు చీటీలు ఆగిపోయాయి.

అప్పుడే లోవరాజు జగన్నాథపురం వంతెన మీద మోపెడ్‌తో సహా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది, దేవుడి దయవల్ల అంతకన్నా ఏం కాలేదు. మర్నాడు అడిగితే, "నిద్రొచ్చి కాదండి. రోజంతటి అలసటా ఒక్కసారి మీద పడిపోయిందండి. హ్యాండిల్ పట్టుకున్న చేతులు నావి కావనిపించింది" అన్నాడు.

అప్పటికి తెలిసింది. నెమ్మది అలసటని తీసెయ్యడంలేదు, వాయిదా వేస్తోంది. నా అంకె అప్పుడు ఇరవై నిమిషాలు. కుర్చీ దిగిన ఇరవై నిమిషాలకి మనిషి ఎక్కడుంటే అక్కడే, పగలంతటి అలసటా కుప్పగా దిగుతోంది.

నేనేం చేశానో చెప్తాను. ఇప్పటికీ తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అందరి ఇళ్లూ ఎంతెంత దూరమో రాసుకున్నాను. అందరికన్నా దూరం సామర్లకోటనించి వచ్చే అమ్మాయిది. ఆ అమ్మాయి కూడా బస్సు దిగి, ఇల్లు చేరి, కాళ్లు కడుక్కునేదాకా ఆగాలని అంకెని తొంభై నిమిషాలు చేశాను. ఎవరూ దారిలో పడకూడదు, అదొక్కటే నా ఆలోచన. శేషగిరి గారు మెచ్చుకుని కాజాల పెట్టె ఇచ్చారు. ఇంటికి తెచ్చి మా అమ్మాయి ఆమనికి పెట్టాను.

అయిదున్నరకి తొంభై కలిపితే ఏడు. మా ఇంట్లో భోజనాల వేళ అది.

నా గదిలో చాప లేదు. కొలతలు తీసే మనిషి ఒళ్లు కొలతలకి అందకుండా ఉండాలి కనక నేను ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంటాను. అంచేత నా అలసట నాకు ఎప్పటికప్పుడే వస్తుంది, వాయిదాల్లేవు. అంకె మార్చిన రెండు వారాలకి, ఒక సాయంత్రం వేళకి ఇల్లు చేరి బీరకాయ పప్పు వడ్డించాను. ఆమనికి తొమ్మిదేళ్లు. వాళ్ల సైన్సు పుస్తకంలో పువ్వు బొమ్మ పట్టుకొచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"నాన్నా, ఇది రక్షకపత్రం. ఇది ఆకర్షణపత్రం. ఇదేమో కేసరం. కేసరం అంటే ఏంటి నాన్నా?"

ఆయన "కేసరం అంటే..." అంటూ పప్పన్నం కలుపుతున్నారు. గడియారం ఏడు కొట్టింది. చెయ్యి ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషి లేరు. కలిపిన ముద్ద వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఏమండీ" అన్నాను. పలకలేదు.

ఆమని ఏం కంగారు పడలేదు. పుస్తకం మూసి లోపలికెళ్లి తడిగుడ్డ తెచ్చింది. నాన్న వేళ్లకున్న అన్నం ఒక్కొక్క వేలూ పట్టుకుని తుడిచింది. "అమ్మా, నువ్వు అటు పట్టుకో. మంచం దగ్గరికి తీసుకెళ్దాం" అంది. నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో ఇదంతా అది ఒక్కతే చేస్తోందని అప్పుడు అర్థమైంది నాకు. ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టను? అంకె నాది.

పదిరోజుల తర్వాత అది మెల్లిగా అడిగింది. "అమ్మా, నా పుట్టినరోజు మీ ఆఫీసులో చేసుకుందామా? అక్కడైతే నాన్న ఉంటాడు."

"ఇక్కడ మాత్రం లేడుటే?"

"ఉంటాడు గానీ..." అని ఆగిపోయి పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది.

మా ఒక్క ఇంటిదే కాదు ఈ కథ. లోవరాజు భార్య నూకరత్నం మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని ఆఫీసుకి రావడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ రాని మనిషి. అతను ఫోన్లు ఎత్తుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోనుకీ ఫోనుకీ మధ్య నాలుగు ముక్కలు మాట్లాడుకునేది. ఏమ్మా ఇలా అని ఒకసారి అడిగాను.

"ఏం చెయ్యమంటారండీ? ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి మాటలు నడుత్తన్నాయి. ఈయనగారితో ఓ మాట అనుకుందామంటే సాయంత్రం గోడతో చెప్పుకున్నట్టే ఉంటంది. ఇక్కడేమో ఊళ్లో వాళ్లందరితో ముచ్చట్లు! మీ ఫోనులోంచే మాట్లాడదామా అని కూడా అనుకున్నానండి, ఆయ్, సిగ్గేసి ఊరుకున్నాను."

నూకరత్నం వెనకే మరో ఇద్దరి భార్యలు, ఒకరి అమ్మ, సామర్లకోట అమ్మాయి మొగుడూ వచ్చారు. శేషగిరి గారు చూసి జాలిపడి కుటుంబాల కోసం ఒక గది కట్టించారు. సోఫాలు వేశారు, పిల్లలకి ఉయ్యాల వేశారు. వచ్చినవాళ్లందరూ దండాలు పెట్టారు. నాకు మాత్రం ఆ ఉయ్యాల చూస్తే, ఇక ఎవరూ ఇంటికి వెళ్లక్కర్లేదని చెప్పినట్టనిపించింది.

ఒక సోమవారం ఆయన గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "సార్, అలసట ఇళ్లల్లో దిగుతోంది. ఆఫీసులో పుట్టింది ఆఫీసులో దిగాలి. చాపలు తీసేద్దాం."

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "తీసేస్తే మళ్లీ ఎండిపోతారమ్మా. ఇంటిదగ్గర పడిపోతన్నారంటే ఇంటిదగ్గర కూడా రాకుండా చెయ్యి. తొంభై నిమిషాలెందుకు, మర్నాడు పొద్దున్న వచ్చి కూర్చునేదాకా ఉంచు. ఒకటో తారీఖునించి అలా పెట్టేద్దాం. రాజమండ్రి ఆఫీసులో కూడా వేద్దాం."

"పేరుకుపోతుంది సార్."

"పేరుకుంటే ఏమవుతుంది?"

నాకు తెలీదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, నా మీదే చేసి చూసుకున్నాను. సెలవు పెట్టి చాప ఇంటికి తెచ్చుకుని, అంకె పెంచేసి, రెండు రోజులు అలసటని దిగనివ్వలేదు. ఏం హాయి! ఇల్లంతా దులిపాను, ఊరగాయ జాడీలు కడిగాను, ఆమనికి రెండు జడలు వేసి పూలు పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం అంకెని సున్నా చేసి మూలుగు ఆపాను. వంటింటి గుమ్మంలోనే కూలబడ్డాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి అయిదు దాటింది. ఆమని బడినుంచి వచ్చి గంటన్నరగా తలుపు కొడుతోందట. లోపల గడియ వేసి ఉంది. గొంతు పోయి, ఏడుపు కూడా ఆగిపోయి, మెట్టు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు కూడానా అమ్మా?" అంది.

రెండు రోజులకే నాకు ఇది. ఒకటో తారీఖునించి ముప్పై ఆరుగురికి ఎన్నాళ్ల అలసట పేరుకుంటుందో! ఆ అంకె నేను మార్చకూడదు. మార్చకపోతే శేషగిరి గారు వేరే ఇంజనీరుని పెట్టుకుంటారు. ఒకటో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులుంది.

మా ఆయనతో చెప్పి చూశాను, పొద్దున్నపూట, మనిషి మనిషిలా ఉన్నప్పుడు. గంగాధరం తల వంచుకుని విన్నారు. "మణీ, నన్ను రోజంతా ఏమేం అంటారో నీకు తెలుసు. అక్కడ ఆ చాప మీద ఉన్నప్పుడే నేను మనిషినని అనిపిస్తుంది. అది కూడా తీసేస్తావా?" అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నారు.

చివరికి లోవరాజుని నా గదికి పిలిచాను.

"లోవరాజు గారూ, మీ చీటీ గుర్తుందా?"

"గుర్తులేకేమండీ. గోడకి అంటించుకున్నారు కదా, వచ్చినప్పుడల్లా చూత్తానే ఉన్నాను. అడగాలంటే మొహమాటమేసిందండి."

"ఏమని?"

"ఓపికైతే మిగిలిందండి, కాదన్ను. కానీ అదంతా మిక్సీలు పాడైనోళ్లతోనే అయిపోతంది. మా ఆవిడ వంతుకి ఏం రావట్లేదు."

నేను చెప్పాల్సింది చెప్పాను. అతని కుర్చీలో అంకెని సున్నా చేస్తాను. నాలుగింటికి మూలుగు ఆగిపోతుంది. పగటి అలసటంతా అక్కడే, కుర్చీలోనే దిగుతుంది. దిగడానికి గంటన్నర పడుతుంది. అయిదున్నరకి లేపితే లేచి, అందరికీ ఉండే మామూలు అలసటతో ఇంటికి వెళ్తాడు.

"మరి ఆ గంటన్నర ఫోన్లెవరు ఎత్తుతారండి?"

"నేను ఎత్తుతాను."

లోవరాజు నోరు తెరిచి నవ్వేశాడు. "మీరా? మీకు ముక్కు మీద కోపం కదండీ. వాళ్లు ఒకటంటే మీరు రెండంటారు. మన ఆఫీసు మూసేత్తారు."

"అనను. మీ పేరు మీద ఎత్తుతాను కదా, మీలాగే మాట్లాడతాను."

మర్నాడు నాలుగింటికి హాల్లో అందరూ చూస్తుండగానే లోవరాజు తల పక్కకి వాలిపోయింది. నోరు తెరుచుకుని, ఒక చెప్పు జారిపోయి, పసివాడిలా నిద్రపోయాడు. నవ్వులు ఆగిపోయాయి. నేను అతని చెవులనుంచి హెడ్‌ఫోన్ తీసి పెట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నూకరత్నం కూర్చునే స్టూలది.

"లోవరాజు మాట్లాడుతున్నానండి" అన్నాను.

"లోవరాజా? ఆడగొంతు వత్తందేటి?"

"జలుబండి."

ఆ పెద్దమనిషి మూడు రోజులుగా నీళ్లు రావడం లేదని నన్నూ, మా నాన్ననీ, నాకు చదువు చెప్పినవాళ్లనీ తిట్టాడు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. గంటన్నరలో ఇరవై మూడు ఫోన్లు. ప్రతీ తిట్టూ అలసటగానే తగిలింది, ఎప్పటికప్పుడే. పద్దెనిమిదేళ్లు ఇది ఎలా చేశాడో ఆ మహానుభావుడు. మధ్యలో శేషగిరి గారు వచ్చి నిద్రపోతున్న లోవరాజుని చూశారు, నన్ను చూశారు. గట్టిగా మాట్లాడబోయి, ఎందుకో వంగి, జారిన చెప్పుని కాలి పక్కన సరిగ్గా పెట్టి వెళ్లిపోయారు. గంగాధరం మాత్రం దూరంగా తన కుర్చీలోంచే చూశారు, దగ్గరికి రాలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో మామూలే. చెయ్యి ఆగింది, ఆమని తడిగుడ్డ తెచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదీ పదికి ఒక ఫోన్ వచ్చింది. సూపర్‌వైజరుకే ఇమ్మని ఎవరో ఆవిడ పట్టుబట్టిందట, కనక ముదిరిన తిట్టే అనుకుని గంగాధరానికి కలిపారు. నేను కొలతలు రాసుకుంటూ అటే నిలబడి ఉన్నాను. ఆయన స్పీకర్ నొక్కారు.

"నూకరత్నాన్నండి. లోవరాజు గారి ఇల్లాలిని. తిట్టడానికి కాదండీ బాబూ, పెట్టెయ్యకండి."

"చెప్పమ్మా" అన్నారు ఈయన.

"మరేం లేదండి. రాత్రి ఈయన ఇంటికొచ్చి ఒకటే మాటలండి. పెళ్లిమాట అయిపోయింది, పక్కింటోళ్ల గొడవ అయిపోయింది, నా చిన్నప్పటి సంగతులు కూడా అడిగారు. ఆఖరికి 'ఇక ఊరుకోండి, తల నెప్పెడతంది' అని నేనే అన్నానండి." ఆవిడ నవ్వింది. "ఎవరు చేశారో తెలీదు. ఎవరికో చెప్పాలి కదండీ. మీ నంబరొక్కటే తెలుసు."

మా ఆఫీసు పెట్టాక తిట్టడానికి కాక వచ్చిన మొదటి ఫోన్ అదే. గంగాధరం "సరేనమ్మా, రాసుకుంటాను" అన్నారు. ఏం రాయాలో తోచక కాయితం మీద లోవరాజు అని రాసి ఊరుకున్నారు. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చారు. హాలంతా చూస్తోంది.

"మణీ, నిన్న రాత్రి నా చెయ్యి ఎవరు కడిగారు?"

"కడగలేదు. తుడిచింది. ఆమని."

"రోజూనా?"

నేను తలూపాను. "నా కుర్చీ కూడా మార్చెయ్" అన్నారు.

నాలుగింటికి గంగాధరం టేబుల్ మీద తలపెట్టి నిద్రపోయారు. లోవరాజు పక్కన సామర్లకోట అమ్మాయి కూర్చుని అతని పేరు మీద ఎత్తుతోంది. ఈయన హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. "గంగాధరం మాట్లాడుతున్నానండి" అన్నాను. పన్నెండేళ్ల కాపురంలో ఆయన పేరు నేను నోరారా పలికింది అదే మొదటిసారి. అవతలినుంచి వచ్చిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. రోజూ ఇవి తిని ఇంటికొచ్చి, ఒక్కటి కూడా నాతో అనని మనిషి, ఇక్కడ నా మోచేతి పక్కన గురక పెడుతున్నారు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. అంత జాలీ కలగలేదు.

అయిదున్నరకి చూస్తే నా టేబుల్ మీద పదకొండు చీటీలు చేరాయి. అందరిదీ ఒకటే మాట, తమ కుర్చీ కూడా మార్చమని. శేషగిరి గారు వాటిని ఒక్కొక్కటీ చదివి, "అందరూ ఇలా పడుకుంటే నాలుగింటికి ఫోన్లు ఎవరెత్తుతారమ్మా?" అన్నారు. ఎవరూ ఎత్తరు సార్, మూసేయాలి అన్నాను. ఒప్పుకోలేదు, కాదనలేదు. ఒక ఖాళీ హెడ్‌ఫోన్ తీసి దుమ్ము దులిపి చూసుకుంటూ నిలబడ్డారు. ఒకటో తారీఖుకి ఏం తేలుస్తారో నాకు తెలీదు. నన్ను పంపించేస్తారేమో కూడా.

ఏడింటికి భోజనాల దగ్గర కూర్చున్నాం. ఆమని అలవాటుగా తడిగుడ్డ పక్కనే పెట్టుకుంది. గడియారం ఏడు కొట్టింది. ఇద్దరం ఆయన చేతికేసే చూస్తున్నాం. ఆ చెయ్యి ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది, మళ్లీ కలిపింది.

"ఏంటే అలా చూస్తున్నారు తల్లీకూతుళ్లు?" అన్నారు. ఆవులించారు కూడా, మామూలు ఆవులింత. "ఏదీ, ఆ పువ్వు బొమ్మ తీసుకురా."

ఆమని ఎగిరి గంతేసి పుస్తకం కోసం పరుగెత్తింది. ఆ తర్వాత నాకు సరిగ్గా తెలీదు. రెండు రోజుల తిట్లూ నా కళ్ల మీదికి వచ్చేశాయి. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయినట్టుంది. ఎవరో వేళ్లు తుడుస్తున్నారు. పెద్ద వేళ్లు, గరుకువి.

"అమ్మని లేపకు నాన్నా. నువ్వు చెప్తూ ఉండు" అంటోంది ఆమని.

"కేసరం అంటేనా? పువ్వుకి కింద ఉంటుందే, ఆకుపచ్చగా, అది."

తప్పు. అది రక్షకపత్రం. సరిచేద్దామనుకున్నాను, ఓపిక లేకపోయింది. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.